లెస్ ఎవరి గంపలోది?

మా దేవరకొండలో టెండర్ వేయాలనుకున్నవాడు నా గదికి వచ్చి, కుర్చీ లాక్కొని, చాయ్ చెప్పకముందే అడిగే మాట ఒకటే: ‘‘అన్నా, ఎంత లెస్ పోదాం?’’ పని ఏ ఊళ్లో, నేల ఎట్లాంటిది, నీళ్లు దగ్గర్లో ఉన్నాయా అన్నవి తర్వాత వస్తాయి. సర్కారు కట్టిన అంచనా విలువకు నూటికి ఇంత తక్కువలో చేసిపెడతానని రాసివ్వడం లెస్. ఎక్కువ అడిగితే ఎక్సెస్. ఎక్సెస్ వేసే ధైర్యం మావైపు చిన్న కాంట్రాక్టర్లకు ఎప్పుడోగాని రాదు.

నేను కాంట్రాక్టర్ను కాను, ఇంజనీరునూ కాను. వాళ్లిద్దరి నడుమ తిరిగే కాయితాలు నావి. టెండర్ ఫారాలు నింపడం, రేట్లు కట్టడం, కొలతలు వచ్చాక బిల్లు తయారుచేయడం, ఆడిట్ అభ్యంతరానికి జవాబు రాసివ్వడం నా పని. బడి గదులు, సీసీ రోడ్లు, చెక్‌డ్యాములు, గోదాములు, ఫంక్షన్ హాళ్లు. ఇటు నల్లగొండ, అటు డిండి దాటి అచ్చంపేట, కల్వకుర్తి దాకా నాకు గిరాకీ ఉంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ అనే రెండు పాత జిల్లాల సరిహద్దు మీద కూర్చున్నవాడికి రెండు కలెక్టరేట్ల స్టాంపులూ తెలుస్తాయి.

ప్రభుత్వం స్టాండర్డ్ షెడ్యూల్ ఆఫ్ రేట్స్ అని ఒక పుస్తకం వేస్తుంది, మేం ఎస్‌ఎస్‌ఆర్ అంటాం. ఒక ఘనపు మీటరు రాతికట్టుకు రాయి ఎంత, ఇసుక ఎంత, సిమెంటు ఎంత, మేస్త్రీ ఎంతసేపు, కూలీలు ఎందరు అన్నది అంశాల వారీగా కట్టి, ఆ మొత్తం మీద కాంట్రాక్టర్ పైఖర్చులకూ లాభానికీ కలిపి 13.615 శాతం వేస్తారు. దశాంశం తర్వాత మూడంకెల దాకా పోయి లాభం నిర్ణయించినవాళ్ల ఓపికకు దండం పెట్టాలి. మరి అలాంటి రేటు మీద 20 శాతం లెస్ పోయినవాడు పని ముగించి, అప్పులు తీర్చి, సొంతింటికి పై అంతస్తు లేపుకుంటున్నాడంటే ఆ తేడా ఎక్కడో ఒకచోటినుంచి రావాలి. సిమెంటు కొంత చవగ్గా దొరుకుతుంది. మిషన్లతో కొంత కలిసొస్తుంది. అవి తీసేసినా మిగిలే తేడా ఒకటి ఉంటుంది. దాని చరిత్రే నేను చెప్పదలచుకున్నది.

చాలా వెనక్కి పోతే పానగల్లు దగ్గర ఆగుతాం. నల్లగొండ ఊరికి ఆనుకునే ఉంటుంది. కందూరు చోడుల రాజధాని అది. వాళ్లు కట్టించిన ఉదయసముద్రం ఇప్పటికీ నీళ్లతో ఉంది, ఇప్పుడు కృష్ణా నీళ్లు ఎత్తిపోసి నింపుతున్నారు. చెరువు కట్టించినవాడికి ఆ కాలంలో ముట్టే ప్రతిఫలం దశబంధం. చెరువు కింద సాగయ్యే భూమిలో పదోవంతో, ఆ మేరకు పంటలో హక్కో అతనికి దక్కేది. నా వృత్తి కళ్లతో చూస్తే అది భలే అగ్రిమెంటు. పని అయిందని సంతకం పడగానే సొమ్ము చేతికి రాదు. నీళ్లు నిలిచి, తూము పారి, వరి పండితేనే రాబడి. కట్ట తెగితే కట్టించినవాడి కంచంలోనే మన్ను పడుతుంది. ఇప్పుడు మేం అగ్రిమెంటులో రెండేళ్ల పూచీ అని రాయించుకొని, ఆ రెండేళ్లు ఎప్పుడు గడుస్తాయా, డిపాజిట్టు ఎప్పుడు విడిపించుకుందామా అని క్యాలెండర్ చూస్తుంటాం. దశబంధంలో పూచీ తరాల పాటు నడిచింది.

అయితే ఆ పదోవంతు కట్టించినవాడిది. గడ్డపార పట్టినవాడికి ఏం ముట్టిందో ఆ లెక్కలో రాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం ఈ విషయంలో కాస్త నయం. 1369 నాటి ఆ శాసనం రోజూ వెయ్యి మంది కూలీలు పనిచేశారని, రాయి తోలడానికి వంద బండ్లు తిరిగాయని, పని రెండేళ్లు పట్టిందని చెప్తుంది. మంచి చెరువుకు ఉండాల్సిన లక్షణాలు పన్నెండు, దోషాలు ఆరు అని కూడా వరుసపెట్టి చెప్తుంది. ఇవాళ్టి స్పెసిఫికేషన్ పుస్తకాల్లో అంత సూటిగా చెప్పినవి తక్కువ. ఖర్చు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ధనానికీ ధాన్యానికీ మితి లేదని ముగించేస్తుంది. మనుషుల లెక్క ఉంది, బండ్ల లెక్క ఉంది, కూలి లెక్క లేదు. ఇదే కాయితం ఇవాళ నేను ఏ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు బల్ల మీద పెట్టినా మొహాన కొడతాడు.

మన్ను తవ్వేవాళ్లు, రాయి కొట్టేవాళ్లు ఈ నేలలో తరతరాలుగా వడ్డెరలు. చెరువు తెగిన ఊరికి గాడిదలతో, గుడిసెలతో కదిలిపోయి, పని అయ్యేదాకా అక్కడే ఉండి, ఇంకో ఊరికి వెళ్లేవాళ్లు. వాళ్లది గుత్త పని. రోజులతో సంబంధం లేదు, గుంట కొలతే కూలి. ఆ కొలత సంగతికి మళ్లీ వస్తాను. దొరల కాలంలో వీళ్లతో పాటు ఊరి మాదిగలు, మాలలు, చాకళ్లు, ఇంకా ఎందరో వెట్టి చేశారు. గడీ గోడలు, దొర బాట, దొర బావి, అన్నీ వెట్టి. నల్లగొండ జిల్లా నడిబొడ్డున 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో వెట్టి రద్దు మొదటి వరస డిమాండు. నా భాషలో చెప్పాలంటే వెట్టి నూటికి నూరు శాతం లెస్.

నిజాం సర్కారులో పబ్లిక్ వర్క్స్ శాఖ మొదటి సాలార్‌జంగ్ సంస్కరణల కాలంలో నిలదొక్కుకుంది. కాయితం ఉర్దూ, సంవత్సరం ఫస్లీ, రూపాయి హాలీ సిక్కా. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవారు. వంద కల్దార్లకు హాలీలో 116 రూపాయల 10 అణాల 8 పైలు. ఇనుప సామాను బొంబాయి నుంచో మద్రాసు నుంచో తెప్పిస్తే కల్దార్లో చెల్లించాలి, బిల్లు మాత్రం హాలీలో వస్తుంది. ఆరుకు ఏడు అన్న ఈ లెక్క నోటికి రాని గుమాస్తాను ఏ గుత్తేదారూ పెట్టుకునేవాడు కాదు. మా పక్కన డిండి ఆనకట్ట, దేవరకద్ర దగ్గరి కోయిల్‌సాగర్ ఆ రాజ్యం ఆఖరి రోజుల్లో తలపెట్టినవి. వనపర్తి సంస్థానాధీశుడు తన తల్లి పేరిట కట్టించిన సరళాసాగర్‌కు 1949లో శంకుస్థాపన జరిగి 1959లో ప్రారంభమైంది. గేట్లు ఎత్తే మనిషి అక్కర్లేకుండా, నీటిమట్టం పెరగ్గానే వాటంతటవే పారే సైఫన్లు దాని గొప్ప. ఆ సైఫన్లను చూడటానికి జనం ఇప్పటికీ వస్తారు. 2019 డిసెంబర్ 31న తెగింది మాత్రం మట్టికట్ట.

1956లో రాష్ట్రం ఒకటయ్యాక మద్రాసు వైపు పద్ధతులు మా దగ్గరికి వచ్చాయి. స్పెసిఫికేషన్లు, శాఖ నియమాల డీ-కోడ్, చిన్న పనులకు కే-2 అగ్రిమెంటు, పెద్ద పనులకు ఎల్‌ఎస్ అగ్రిమెంటు. ఉర్దూలో ఫైలు నడిపిన పాత గుమాస్తాలు యాభై ఏళ్ల వయసులో ఇంగ్లీషు ఫారాల ముందు కూర్చోవాల్సి వచ్చింది. ఆ కాలానికే కృష్ణ మీద నందికొండ దగ్గర పెద్ద పని మొదలై ఉంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. సుమారు 124 మీటర్ల ఎత్తు ఆనకట్టను కాంక్రీటుతో కాక రాతికట్టుతో లేపారు. సిమెంటు కొరత, విదేశీ మారకం కొరత. చేతులకు మాత్రం కొరత లేదు. రాయిని కావడి కట్టుకొని, గమేలాలో మాలు నెత్తిన పెట్టుకొని, పరంజాల మీద వాలుగా వేసిన బాటల్లో ఎక్కిన వేల మంది ఫొటోలు మీరు చూసే ఉంటారు. ఆ ఫొటోల్లో ఉన్న ఆడవాళ్లలో మా రెండు జిల్లాలవాళ్లు ఎందరో. విచిత్రం ఏంటంటే డ్యామ్‌కు మరీ దూరం కాని మా దేవరకొండ మెట్ట నేలకు ఆ నీళ్లు వాలుకు రావు. మేం ఎత్తు మీద ఉన్నాం.

ఇక కొలతల పుస్తకం. మెజర్‌మెంట్ బుక్, ఎం-బుక్. గట్టి అట్ట, అచ్చువేసిన పేజీ నంబర్లు. ఒక్క కాయితం చింపడానికి వీల్లేదు. సిరాతో రాయాలి, చెరపకూడదు, తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన పొట్టి సంతకం పెట్టాలి. వరుసగా గడులు: పని వివరం, సంఖ్య, పొడవు, వెడల్పు, లోతు, పరిమాణం. అసిస్టెంట్ ఇంజనీరు రాస్తాడు, డిప్యూటీ ఇంజనీరు మళ్లీ కొలిచి సరిచూస్తాడు, కొలతలు ఒప్పుకుంటున్నానని కాంట్రాక్టర్ సంతకం చేస్తాడు. బిల్లు చెల్లయ్యాక ఆ పేజీల మీద ఎర్రసిరాతో అడ్డగీతలు పడతాయి, మళ్లీ అదే కొలతకు ఇంకో బిల్లు లేవకుండా. దొంగతనం ఎన్ని దారుల్లో జరగొచ్చో బాగా తెలిసినవాళ్లు రాసిన నియమాలవి. అందులో మనిషి పేరుకు గడి లేదు. ఉండాలని నేను వాదించను, అది మన్నును కొలిచే పుస్తకం. కాని మన్నును కొలిచే తీరులోనే కూలి పోయే కంత ఒకటుంది, అది దగ్గరగా చూస్తేగాని కనపడదు.

కట్టకు మన్ను తీసే చోట గుంట మధ్యలో అక్కడక్కడా ఒక దిబ్బను తవ్వకుండా వదిలేస్తారు. దాని నెత్తిన పాత గడ్డి అట్లాగే ఉండాలి. నేల మొదట ఏ ఎత్తులో ఉండేదో అది సాక్ష్యం చెప్తుంది, అందుకే మేం సాక్షి దిబ్బ అంటాం. టేపు దిబ్బ నెత్తి నుంచి గుంట అడుగుకు వదిలి లోతు రాసుకుంటారు. తెలివైన మేస్త్రీ నేల కాస్త ఉబ్బుగా ఉన్నచోటే దిబ్బ వదులుతాడు. ఇంకా తెలివైనవాడు గడ్డిని పలకగా కోసి, కింద అంగుళం మన్ను పోసి, మళ్లీ గడ్డి పరుస్తాడు. పాతకాలపు వర్క్ ఇన్‌స్పెక్టర్లు చెప్పుకాలితో ఆ గడ్డిని ఒక్క తన్ను తన్ని చూసేవాళ్లు. ఇదంతా కథలు కథలుగా చెప్పుకొని నవ్వుకునే సంగతి. నవ్వులేనిది ఏంటంటే, గట్టి నేలను తవ్వితే మన్ను వదులై పొంగుతుంది. గంప మోసేవాళ్ల నెత్తికి ఎక్కేది ఆ పొంగిన మన్ను. బిల్లు అయ్యేది గుంట కొలతకు, అంటే పొంగకముందు ఉన్న గట్టి మన్నుకు. పోనీ గుంట కాదని కట్టను కొలిస్తే, కుంగుతుందని నూటికి ఇంత తగ్గించి రాస్తారు. ఇంజనీరింగ్ ప్రకారం రెండూ సరైనవే, నేను తప్పుపట్టలేను. సగటున ఎన్ని గంపలు మోస్తే ఒక ఘనపు మీటరు అవుతుందో షెడ్యూల్ కట్టినవాళ్లకూ తెలుసు. ఆ లెక్క మోసేవాళ్లకు మాత్రం ఎవరూ విప్పి చెప్పలేదు.

నేలకు పేరు పెట్టడం ఇంకో కత. మాది గ్రానైటు దేశం. పైన ఎర్రమన్ను, జానెడు కింద మొరం, ఆ కింద పొడిరాయి, తర్వాత గుండ్లు, తర్వాత పరుపుబండ. షెడ్యూల్లో వీటికి సాధారణ నేల, హార్డ్ గ్రావెల్, ఎస్‌డీఆర్ (మెత్తటి పొడిరాయి), హెచ్‌డీఆర్ (గట్టి పొడిరాయి), హార్డ్ రాక్ అని మెట్లున్నాయి. మెట్టు ఎక్కిన కొద్దీ రేటు పెరుగుతుంది. గడ్డపారకు లొంగేది ఏది, మందుపెట్టి పేల్చాల్సింది ఏది అన్నది సైటు మీద ఇంజనీరు కంటిచూపుతో తేలుతుంది. ఒక్క అడుగు లోతు ఎస్‌డీఆర్ నుంచి హెచ్‌డీఆర్‌కు మారితే కాంట్రాక్టర్ లెస్ అంతా అక్కడే పూడిపోతుంది. నేను చూసిన తగాదాల్లో సగం ఇవే. ఒక తమాషా చెప్పాలి. పేరు మారి రేటు పెరిగినప్పుడు ఆ పెరిగిన రేటు గుంపు మేస్త్రీ దాకా వచ్చిన సందర్భం నాకైతే గుర్తు లేదు. కూలీకి ఎక్కడైనా అదే బండ, అదే గడ్డపార.

మేస్త్రీ అన్నాను కదా. పాలమూరు లేబర్ అన్న పేరు దేశమంతా తెలిసింది ఈ మేస్త్రీల వల్లే. భాక్రా నుంచి నర్మద దాకా పాలమూరోళ్లు మోయని డ్యామ్ లేదని మా దగ్గర గొప్పగానే చెప్పుకుంటారు, అందులో ఎంత గొప్ప ఉందో నాకెప్పుడూ తెలియలేదు. కృష్ణ, తుంగభద్ర రెండూ ఒరుసుకుపోతున్నా చాలాకాలం పొలం తడవని జిల్లా పాలమూరు, అంటే మహబూబ్‌నగర్. దసరా, దీపావళి వెళ్లి వానకాలపు పంట ఇంటికి చేరగానే, చేరకపోతే ఇంకా ముందే, ఊళ్లోకి మేస్త్రీ వస్తాడు. కంపెనీ పెద్ద మేస్త్రీకి డబ్బిస్తుంది, అతను గుంపు మేస్త్రీలకు పంచుతాడు, గుంపు మేస్త్రీ ఇంటింటికీ అడ్వాన్సు ఇస్తాడు. బిడ్డ పెండ్లి, ఎండిన బోరు, ఆస్పత్రి, పాత షావుకారు అప్పు. ఆలుమగలను కలిపి ఒక జతగా రాసుకొని లారీ ఎక్కిస్తారు. పని దగ్గర తిండిగింజలు, వారం వారం ఖర్చీ. వానలు పడ్డాక తిరిగొచ్చేముందు లెక్క చూస్తారు.

అచ్చంపేట దారిలో ఒక ఊళ్లో, పనులు మానేసిన ముసలి గుంపు మేస్త్రీ ఒకాయన తన నోట్‌బుక్ నాకు చూపించాడు. పిల్లలు బడికి వాడే పొడుగు నోట్‌బుక్కే. ఒక్కో జతకు ఒక్కో పేజీ. పైన ఆలుమగల పేర్లు, పక్కన ఇద్దరి వేలిముద్రలు. ఎడమవైపు ఇచ్చినవి: అడ్వాన్సు, జొన్నలు, బస్సు చార్జీ, సూది మందు, చీర, చావుకు పోయినప్పటి ఖర్చు. కుడివైపు హాజరు గీతలు, నాలుగు నిలువు, ఐదోది అడ్డం. మగవాడి గీతకు ఒక రేటు, ఆమె గీతకు ఇంకో రేటు. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది, అయినా ఆ నోట్‌బుక్ అంతకు చాలా తర్వాతిది. పాత సర్కారీ రేట్ల పుస్తకాల్లోనూ మగ మజ్దూరుకు ఒక వరస, ఆడ మజ్దూరుకు ఒక వరస ఉండేవి కాబట్టి ఒక్క మేస్త్రీనే ఏమనగలం. ‘‘పనికొలత ఎక్కడ రాస్తవ్ పెద్దాయినా?’’ అని అడిగాను. ‘‘కొలతలు నాకెందుకు సారూ? ఎవలు వచ్చిండ్రు, ఎవలు నడుమ ఎల్లిపోయిండ్రు, ఎవల మీద ఎంతున్నది. గదే రాసుకుంట’’ అన్నాడు. కొన్ని పేజీల అడుగున మిగులు బదులు బాకీ తేలింది. ఆ బాకీ వచ్చే ఏడు పేజీకి ఎక్కింది. అడ్వాన్సు తీసుకున్న జతకు కట్టిన రోజుకూలి, తీసుకోకుండా వచ్చినవాళ్ల కూలి కంటే తక్కువ. వడ్డీ అన్న మాట ఎక్కడా లేదు, అది ఆ రేటు తేడాలో ఉంది.

నాకు లెస్ లెక్క విడిపోయింది ఆ నోట్‌బుక్ ముందే. ఎం-బుక్‌లో ఘనపు మీటరుకు షెడ్యూల్ రేటు ఉంది. నోట్‌బుక్‌లో రోజుకు జత రేటు ఉంది. ఈ రెండింటినీ కలిపే కాయితం ఏ ఆఫీసులోనూ లేదు. పెద్ద కాంట్రాక్టర్ లెస్ నిర్ణయించేటప్పుడు ఈ ఏడు పాలమూరులో కరువు ఎంత, అడ్వాన్సు ఎంతకు తెగుతుంది అని చూసుకుంటాడు. వానలు పడని ఏడు లెస్ పెరుగుతుంది. ఈ మాట ఏ కోడ్‌లోనూ రాయలేదు. చిన్న కాంట్రాక్టర్లను అడిగితే మాత్రం దాచకుండా చెప్తారు.

చట్టాలు రాలేదని కాదు. 1970లో కాంట్రాక్టు లేబర్ చట్టం, 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం. ఆఖరిది ఒరిస్సా దాదన్ కూలీల బాధ చూసి చేసినది. వలస కూలీకి పాస్‌బుక్ ఇవ్వాలని, నెల జీతంలో సగం స్థానభ్రంశం భత్యంగా తిరిగి అడక్కుండా ఇవ్వాలని అందులో ఉండేది. కాని పేరులోనే ఉంది, రాష్ట్రం గీత దాటాలి. ఉమ్మడి రాష్ట్రంలో వనపర్తి నుంచి శ్రీశైలం పనికి పోయినవాడు నది దాటాడు, జిల్లా దాటాడు, రాష్ట్రం దాటలేదు. ఢిల్లీ ఏషియాడ్ స్టేడియాల పనుల మీద సుప్రీంకోర్టు 1982లో ఇచ్చిన తీర్పును నేను కాంట్రాక్టర్లకు అప్పుడప్పుడు చెప్తుంటాను. కనీస కూలి రోజుకు 9 రూపాయల 25 పైసలు. జమాదారు మధ్యలో రూపాయి పట్టుకొని 8.25 చేతిలో పెట్టేవాడు. కనీస కూలి కంటే తక్కువిచ్చి చేయించుకోవడం రాజ్యాంగం నిషేధించిన బలవంతపు చాకిరీ కిందికే వస్తుందని కోర్టు తేల్చింది. వాళ్లు వింటారు, తలూపుతారు. ‘‘ఆ రూపాయి మేస్త్రీ తీసుకున్నడు అన్నా, నేను కాదు గదా’’ అంటారు. అక్కడా అదే జరిగింది మరి.

మధ్యలో సిమెంటు కాలం ఒకటి నడిచింది. 1982లో సగం, 1989లో పూర్తిగా కంట్రోల్ ఎత్తేసేదాకా సిమెంటు బస్తాకు పర్మిట్ కావాలి. సర్కారు పనులకు శాఖే సిమెంటు ఇచ్చి బిల్లులో విరగ్గోసేది. ఇన్ని ఘనపు మీటర్ల కాంక్రీటుకు ఇన్ని బస్తాలు అని సిద్ధాంత లెక్క వేసి, అంతకు మించి వాడితే జరిమానా రేటు. ఖాళీ గోనెసంచులు సైతం లెక్కపెట్టి అప్పజెప్పాలి, లేకపోతే సంచికింత కోత. ఎలక కొరికిన సంచుల మీద ఉత్తరప్రత్యుత్తరాలు నడిచిన ఫైళ్లు ఉన్నాయి. మా పాత నల్లగొండ జిల్లాలోనే, కృష్ణ ఒడ్డున వాడపల్లి, మట్టపల్లి, హుజూర్‌నగర్ చుట్టూ సున్నపురాయి మీద ఫ్యాక్టరీలు లేచి ఆ బాధ తీరింది.

ప్రైవేటు పనుల కాయితం వేరు. మిర్యాలగూడ రైస్‌మిల్లులు కట్టిన కాలంలో చాలా ఒప్పందాలు ఒక్క తెల్లకాయితం మీదనే అయ్యాయి. అడుగుకు ఇంత, లేబర్ మాత్రమే, మెటీరియల్ మిల్లుది. ఎలివేషన్ పనికి వేరే. సంతకాలు ఇద్దరివి, సాక్షి సిమెంటు దుకాణపాయన. అక్కడ లెస్ లేదు, బేరం ఉంది. సర్కారు బిల్లు కోసం ఆరు నెలలు తిరిగే కాంట్రాక్టర్లు మిల్లు పని అంటే పరుగెత్తింది అందుకే, శనివారం సాయంత్రం డబ్బు చేతికొచ్చేది.

2003లో మా వృత్తి తలకిందులైంది. అంతదాకా టెండర్ పెట్టె ఉండేది. పెట్టె దగ్గరికి ఎవరు రావాలో, ఎవరు రాకూడదో ముందురోజు రాత్రి ఏ గెస్ట్‌హౌస్‌లోనో తేలేది. రింగు కట్టి, పని ఒకడికి, మిగతావాళ్లకు గుడ్‌విల్. ఆ ఏడు జనవరిలో ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చింది. జులై 1న నీటిపారుదల శాఖ జీవో 94 వచ్చింది. కాంట్రాక్టర్ సామర్థ్యానికి ఒక సూత్రం పెట్టారు: గత అయిదేళ్లలో ఏదో ఒక ఏట చేసిన అత్యధిక పనిని, కొత్త పని గడువు సంవత్సరాలతో హెచ్చించి, దాన్ని రెట్టింపు చేసి, చేతిలో ఉన్న పనులు తీసెయ్యాలి. ఎక్సెస్ 5 శాతం దాటకూడదు. 25 శాతం కంటే ఎక్కువ లెస్ పోతే ఆ పై తేడాకు గ్యారంటీ కట్టాలి. ఇద్దరు ఒకే అంకె వేస్తే లాటరీ. రింగు చాలావరకు విరిగింది, అది మంచే. కాని పెట్టె కాడ బెదిరించేవాడు పోయాక లెస్ ఎవరికీ భయపడకుండా పెరిగింది. తర్వాత జలయజ్ఞం పనులతో ఈపీసీ వచ్చి, అంశాల వారీ రేటు కూడా పోయింది. మొత్తం పనికి ఒకటే అంకె. ఆ అంకె లోపల కూలి ఎంతో ఇప్పుడు నాకూ కనపడదు.

పేర్లు రాసే సర్కారు కాయితం నేను చూసింది ఉపాధి హామీతోనే. 2006 ఫిబ్రవరిలో పథకం మొదలైనప్పుడు తొలి విడత 200 జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. కాంట్రాక్టర్ ఉండకూడదు, మిషన్ ఉండకూడదు, మస్టర్‌లో పేరుండాలి. మన రాష్ట్రం దానికోసం రేట్లు మళ్లీ కట్టించింది. నేల ఎండిపోయే నెలల్లో కొలత తగ్గుతుందని ఒప్పుకొని ఏప్రిల్, మేలో 30 శాతం వేసవి భత్యం కలిపింది. ఎండకు రేటు కట్టిన షెడ్యూల్‌ను నేను అంతకుముందు చూడలేదు. దాంట్లో జరిగిన అవకతవకలు సోషల్ ఆడిట్లలో చదివి వినిపించారు, అవి అందరికీ తెలుసు. అయినా మా చుట్టుపక్కల ఊళ్లలో మేస్త్రీ అడ్వాన్సు పెంచాల్సివచ్చిందని మేస్త్రీలే చెప్పారు.

ఇప్పుడు పాలమూరు మేస్త్రీలు కొందరు తామే జార్ఖండ్, ఒడిశా, బిహార్ నుంచి మనుషులను తెస్తున్నారు. శ్రీశైలం నీళ్లను నల్లగొండకు వాలుకు తెచ్చేందుకు 2005లో ఒప్పందమైన ఎస్‌ఎల్‌బీసీ సొరంగం దాదాపు 44 కిలోమీటర్లు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. జార్ఖండ్ వాళ్లు నలుగురు, ఉత్తరప్రదేశ్ వాళ్లు ఇద్దరు, పంజాబ్, జమ్మూ కశ్మీర్ వాళ్లు ఒక్కొక్కరు. పాత మహబూబ్‌నగర్ జిల్లా నేల కింద, నల్లగొండ నీళ్ల కోసం. ఇరవై ఏళ్లలో ఆ పని గడువు ఎన్నిసార్లు పెరిగిందో, ఎన్ని జీవోలు వచ్చాయో చదివినవాడిగా నాకు ఆ ఎనిమిది పేర్లు పత్రికలో చూసినప్పుడు, ఈ పని కాయితాల్లో మొదటిసారి పేర్లు చదువుతున్నట్టనిపించింది.

నా బల్ల మీద ఇవాళ ఉన్నవి చెప్తాను. జీఎస్టీ 2022 జులై 18న 12 నుంచి 18 శాతానికి పెరిగినప్పటి తేడా కోసం పెట్టుకున్న సప్లిమెంటరీ ఫైలు ఒకటి ఇంకా తేలలేదు. మట్టిపనులకు అదే రోజు 5 నుంచి 12 అయింది, అది వేరే ఫైలు. ప్రతి బిల్లులోనూ నేను కోత కింద రాసే వరసల్లో లేబర్ సెస్ 1 శాతం ఉంటుంది. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంతో మొదలైన సంక్షేమ బోర్డుకు అది పోతుంది. ఆ బోర్డులో కూలీ పేరు నమోదు కావాలంటే వయసు 18 నుంచి 60 మధ్య ఉండాలి, గడిచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు కాయితం కావాలి. సెస్ కట్ అయిన బిల్లుల జిరాక్సులు నా దగ్గర బీరువా నిండా ఉన్నాయి. 90 రోజుల కాయితం మీద సంతకం పెట్టమని ఆ బిల్లుల కాంట్రాక్టర్లనే అడుగుతాను. వాళ్లు మేస్త్రీని అడగమంటారు. మేస్త్రీకి లైసెన్సు ఉండదు, అతని సంతకం చెల్లదు. కూలీల నమోదు ఫారాలు నింపి పెట్టాను, దానికి డబ్బులు తీసుకోను. పేరు, ఊరు, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా అన్నీ పూర్తయ్యాయి, యజమాని సంతకం గడి తప్ప.